ముద్ద దిగే దారి

ట్రే లోపలికి వెళ్ళింది. డిస్కు గిర్రున తిరిగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత తెర మీద మళ్ళీ అదే తెల్ల అక్షరాల వాక్యం వచ్చి నిలబడింది. సిస్టం కనిపించడం లేదు, సరైన డిస్కు పెట్టి ఏదో ఒక మీట నొక్కండి అని.

"పెట్టాం కదయ్యా మహానుభావా సరైన డిస్కు! ఇంకెలా పెట్టమంటావు, తాంబూలంలో పెట్టివ్వమంటావా?" అన్నాడు రామకోటి తెరతో.

అతని భార్య మందాకిని యంత్రం ఆపి మళ్ళీ ఆన్ చేసింది. శనివారం పొద్దున్న పదకొండయింది. గురువారం మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో వదినగారి నోట్లోకి ఒక్క ముద్ద వెళ్ళలేదు. ముక్కులోంచి వేసిన సన్న గొట్టం ఆవిడకి పడటం లేదు, రెండుసార్లు రక్తం వచ్చింది. సోమవారం పొద్దున్న తీసుకొస్తే పొట్టకి చిన్న చిల్లుపెట్టి శాశ్వతంగా గొట్టం అమర్చేస్తామన్నారు డాక్టరుగారు. ఆలోపు ఆవిడ చేత ముద్ద మింగించే ఈ నల్ల డబ్బా లేవాలి. లేచినా లోపలున్నది చెక్కుచెదరకుండా ఉండాలి.

వదినగారంటే భ్రమరాంబ, రామకోటికి అక్క. అరవై మూడేళ్ళు. కాకినాడ రామారావుపేటలో ముప్ఫై ఏళ్ళపాటు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. రెండేళ్ళ కిందట మెదడులో ఒక చిన్న రక్తనాళం మూసుకుపోయింది. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. మాట కాస్త బొంగురుపోయినా తిరిగొచ్చింది. మింగడం ఒక్కటీ పోయింది. చెంచాడు మంచినీళ్ళు పోసినా ఊపిరితిత్తుల దారి పట్టేవి.

"దేవుడు నోరు ఉంచేసి తిండి తీసుకెళ్ళాడు. మా మరదలికి రెండు విధాలా శిక్ష," అనేది ఆవిడ పరామర్శకి వచ్చినవాళ్ళతో.

విశాఖపట్నంలో ఒక చిన్న ల్యాబు గురించి ఎవరో చెబితే వెళ్ళారు. అక్కడ నజీమా అనే ఇంజనీరు ఉండేది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, గుంటూరమ్మాయి. ఆ అమ్మాయి మందాకిని మెడకి ఒక మెత్తటి పట్టీ కట్టి, ఇడ్లీ ముక్క చేతికిచ్చి, మింగమంది. మింగగానే తెర మీద రంగురంగుల గీతలు ఒకదాని వెనక ఒకటి లేచి పడ్డాయి.

"ఇదంతా మీరిప్పుడు చేసిన పనేనండీ," అంది నజీమా నవ్వుతూ. "ముప్ఫై కండరాలు, ఒక్క సెకను. వరుస తప్పితే పొలమారుతుంది. పెద్దమ్మగారి కండరాలు బాగానే ఉన్నాయి, వాటికి వరుస చెప్పే పెద్దే లేడు. ఈ పట్టీ చిన్నచిన్న కరెంటు చురకలు పెట్టి ఆ వరుస చెబుతుంది. కాకపోతే ముందు ఎవరిదైనా వరుస నేర్చుకోవాలి."

మొదట రామకోటిది తీసుకున్నారు. అది పెట్టి మజ్జిగ తాగించబోతే భ్రమరాంబకి ఊపిరాగినంత పనయింది. "వీడిది మింగడం కాదమ్మాయ్, గోతిలో పారెయ్యడం," అంది ఆవిడ దగ్గు తగ్గాక. నజీమా చాలాసేపు ఆలోచించి, "ఇన్నేళ్ళూ మీరు ఎవరితో కూర్చుని తిన్నారు పెద్దమ్మగారూ?" అనడిగింది. అందరూ మందాకిని వైపు చూశారు. ఇరవై ఒక్కేళ్ళు, ఇంట్లో అందరికీ పెట్టేశాక, వంటింట్లో వాళ్ళిద్దరే ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఒకళ్ళు మాట్లాడుతుంటే ఒకళ్ళు నములుతూ, ఒకళ్ళు పెరుగన్నంలోకి వచ్చేదాకా ఇంకొకళ్ళు చారన్నం దగ్గర ఆగుతూ. వాళ్ళ గొంతులు ఒకదానికొకటి అలవాటుపడిపోయాయని యంత్రం మొదటి రోజే తేల్చింది.

అలా మందాకిని మెడకి పట్టీ వచ్చింది. ఏడు నెలలు ప్రతి పూటా, ప్రతి ముద్దకీ ఒక బీప్. ముద్ద పెట్టుకోవడం, ఆగడం, బీప్ వినగానే మింగడం. అన్నం ఒకసారి, పులుసు ఒకసారి, అప్పడం ఒకసారి, మంచినీళ్ళు ఒకసారి. ఎనిమిదో నెలలో భ్రమరాంబ పప్పన్నం తింది. ఇంట్లో అందరూ ఏడ్చారు. మందాకిని కూడా ఏడ్చింది, కానీ ఆ రోజు ఆమె తన కంచంలో అన్నం సగం వదిలేసింది.

ఎందుకంటే పట్టీ తీసేశాక కూడా బీప్ పోలేదు. ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆమె మనసు గొంతు దగ్గరికెళ్ళి కాపలా కూర్చునేది. నాలుక లేచిందా, లోపల తలుపు పడిందా అని చూసుకునేది. చూసుకుంటే మింగడం రాదు. ఉమ్మి మింగడం కూడా ఒక పనైపోయింది. పెళ్ళిళ్ళలో భోజనాల బంతిలో కూర్చోవడం మానేసింది. రవికలు రెండుసార్లు కుట్టు వేసి బిగించుకోవలసి వచ్చింది. ఇదంతా ఎవరితో చెప్పుకుంటుంది? అవతల మనిషి ఆకలి తీరింది కదా.

ఇప్పుడు గురువారం మధ్యాహ్నం ఆ యంత్రం తనని తాను సరిచేసుకుంటుండగా కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకునేలోపే ఆరిపోయి, మళ్ళీ లేవలేదు. లోపల దాచుకున్న ఆ మింగే వరుస నమూనా పోయిందంటే మళ్ళీ మొదటి నుంచి ఏడు నెలలు. మళ్ళీ తన మెడకే పట్టీ. మందాకిని భయమంతా అదే. చెయ్యనని అనలేదు. చెయ్యగలదో లేదో తెలియదు.

ఫోను మోగింది. నజీమా ఇప్పుడు హైదరాబాదులో వేరే ఉద్యోగంలో ఉంది. ల్యాబు మూసేసి ఏడాదయింది. అయినా మూడు రోజులుగా పూటపూటా ఫోను చేస్తూనే ఉంది. రామకోటి స్పీకరు ఆన్ చేశాడు.

"లేచిందాండీ?"

"లేవలేదమ్మా. సరైన డిస్కు పెట్టమంటోంది."

"ఆన్ చెయ్యగానే ఎఫ్ పన్నెండు మీట కొడుతున్నారా? ముందు డిస్కు వైపు చూడమని మనం చెప్పకపోతే అది పాడైన సిస్టం దగ్గరికే వెళ్ళి నిలబడుతుంది."

మందాకిని మళ్ళీ ఆన్ చేసి, ఎఫ్ పన్నెండు మీద వేలుపెట్టి గట్టిగా అదిమి పట్టుకుంది. ఏమీ జరగలేదు.

పక్కగదిలో మంచం మీంచి బొంగురుగొంతు వినపడింది. "అది కాలింగ్ బెల్లనుకున్నావా, వేలు ఆనించి నిలబడ్డావు? ఇక్కడికే తెలుస్తోంది నాకు, చప్పుడు లేదు. టకటకా కొట్టవే! వేలు పడాలి, లేవాలి."

మందాకిని టకటకా కొట్టింది. నీలంరంగు జాబితా ఒకటి ప్రత్యక్షమైంది. అందులో డిస్కు అన్నది ఎంచుకుంది. డిస్కు తిరిగింది. మళ్ళీ ఆ తెల్ల వాక్యమే.

"అయితే డిస్కులోనే ఏదో ఉందండీ," అంది నజీమా. "దాన్ని మీ ల్యాప్‌టాప్‌లో పెట్టి, లోపల ఎన్ని ఫైళ్ళు కనిపిస్తున్నాయో చూడండి."

రామకోటి పెట్టి చూశాడు. "ఒక్కటేనమ్మా. పెద్దది."

"నేను పంపిన ఫైలుని డిస్కుకి ఎవరు ఎక్కించారు?"

"మెయిన్‌రోడ్డు స్టూడియోలో. పెళ్ళి వీడియోలు డిస్కులకెక్కిస్తాడు, పాతికేళ్ళ అనుభవం."

నజీమా నవ్వింది. "పెళ్ళి వీడియో ఎక్కించినట్టే ఎక్కించాడు. పప్పు వండి గిన్నెలో పెట్టమంటే ప్యాకెట్టు తీసుకెళ్ళి గిన్నెలో పెట్టాడన్నమాట. ఆ ఫైలుని విప్పి డిస్కు నిండా పరచాలి, అప్పుడే కంప్యూటరు దాంతో లేస్తుంది. ఫైలు కాపీ కాదు, ఇమేజ్ రాయాలని చెప్పండి. స్పీడు బాగా తగ్గించమనండి."

"పెన్‌డ్రైవులో పెట్టేస్తే పోదా తల్లీ?"

"మనిషి ఒంట్లోకి కరెంటు పంపే యంత్రం కదండీ, ఎవరూ ఏదీ దూర్చకూడదని దానితో లేవకుండా కట్టేశాం. డిస్కు దారి ఒక్కటే మిగిలింది."

రామకోటి చొక్కా వేసుకుంటూ విసుక్కున్నాడు. "అసలు మీ ల్యాబువాళ్ళు ఆ నమూనా ఒక్క కాపీ ఉంచుకోవద్దా అమ్మా? ఇంత ఖరీదైన పని చేసి, అంత చదువులు చదివి..."

మందాకిని నేల వైపు చూసింది.

"తప్పు మాదేనండీ," అంది నజీమా. "ఉంచుకోవలసింది."

అతను వెళ్ళిపోయాక మందాకిని వదినగారి గదిలోకి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. భ్రమరాంబ కిటికీలోంచి ఎదురింటివాళ్ళు ఆరేసిన వడియాలు చూస్తోంది. ముక్కు దగ్గర టేపు ఊడివస్తుంటే మందాకిని వేలితో అద్దింది.

"వదినా, ఒకటి చెప్పాలి మీకు."

"చెప్పు. తినే పనెలాగూ లేదు."

"ల్యాబు మూసేసేటప్పుడు వాళ్ళ దగ్గరున్న కాపీ చెరిపెయ్యమని నేనే రాసిచ్చాను. నజీమాకి తెలుసు. ఇందాక ఆ తప్పు ఆ అమ్మాయి తన మీద వేసుకుంది."

భ్రమరాంబ కిటికీ వైపు నుంచి తల తిప్పింది. "ఎందుకే?"

"ఏమో వదినా. ఊరు కాని ఊళ్ళో, ఏ డబ్బాలోనో నా గొంతు మింగుతూ కూర్చుంటుందనిపించింది. ముద్ద పెట్టుకున్నప్పుడల్లా అదే. భరించలేకపోయాను. మీకు ఇలా అవుతుందనుకోలేదు."

ఆవిడ చాలాసేపు మరదలి మెడ వైపు, చేతుల వైపు చూసింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పక్కనే ఉంటూ ఇన్నాళ్ళూ చూడని మనిషిలా చూసింది.

"మంచి పని చేశావు," అంది చివరికి. "నేనైతే అసలు ఇచ్చేదాన్నే కాదు."

మందాకినికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నవ్వకు. నిజంగానే చెబుతున్నా. మళ్ళీ మొదలుపెట్టాల్సివస్తే నువ్వు కట్టుకోకు. నేను గొట్టం వేయించుకుంటాను. కాకపోతే పొట్టలో పోసేముందు ఆవకాయ వాసన ఒక్కసారి చూపించు, అంతే."

"ఊరుకోండి వదినా."

"అయినా నీ గొంతుతో వచ్చింది ఒక్కటే బాధ. కాకరకాయంటే నాకు ప్రాణం. నీకు పడదు. అది వేసుకున్న ప్రతిసారీ నీ గొంతు ముడుచుకుపోయి నా ముద్దని ఆపేస్తుంది. పధ్నాలుగు నెలలుగా కాకరకాయకి దిక్కులేకుండా చేశావు నన్ను."

రెండింటికి రామకోటి చెమటలు కక్కుతూ వచ్చాడు. కొత్త డిస్కు తెచ్చాడు. స్టూడియో ఆయనకి నాలుగు డిస్కులు పాడయ్యాయట, ఇది అయిదోదట. దాన్ని యంత్రం దగ్గరికి తీసుకెళ్ళబోతుంటే భ్రమరాంబ కేకేసింది.

"ఆగరా! దానికి బొట్టు పెట్టారా?"

"అక్కా, అది డిస్కు."

"కొత్త వస్తువా కాదా? నా ఇన్‌స్టిట్యూట్‌లో బొట్టు పెట్టకుండా ఒక్క మిషను మీద వేలు వెయ్యనిచ్చానా? మొదటిదానికి పెట్టలేదు, అందుకే లేవలేదు. ఇలా పట్రా."

మూడు రోజులుగా తిండిలేని మనిషితో ఎవరు వాదిస్తారు? మందాకినే గంధం గిన్నె, కుంకుమభరిణె తెచ్చి అందించింది. డిస్కుకి ఒకవైపు స్టూడియో ఆయన స్కెచ్‌పెన్నుతో ఏదో గీకి ఉంది. ఇంకోవైపు అద్దంలా మెరుస్తోంది. ముఖం ఇదే కదా అనుకుని భ్రమరాంబ మెరిసే వైపే తడిగంధం బొట్టు పెట్టి, దాని మీద కుంకుమ అద్ది, కళ్ళకద్దుకుని ఇచ్చింది.

ఎఫ్ పన్నెండు టకటకలాడింది. జాబితా వచ్చింది. డిస్కు ఎంచుకున్నారు. ఈసారి లోపల నుంచి బరబరమని, పచ్చడి బండ ఈడ్చినట్టు చప్పుడొచ్చింది. ఆగింది. మళ్ళీ బరబర. తెర నల్లగానే ఉండిపోయింది.

"ఆ చప్పుడేంటండీ?" అంది నజీమా ఫోనులో. "లోపల ఏదైనా తగులుతోందా?"

"ఏం లేదమ్మా, కొత్త డిస్కే," అన్నాడు రామకోటి.

"గీతలేమైనా ఉన్నాయా? దుమ్ము? కెమెరాలో ఒకసారి చూపించండి."

ట్రే తెరిచారు. ట్రే అంతా ఎర్రగా ఉంది. రామకోటి డిస్కు తిప్పి కెమెరాకి చూపించాడు. అవతల నజీమా ముఖం తెరకి దగ్గరగా వచ్చింది.

"అది... కుంకుమా అండీ?"

"బొట్టమ్మా," అంది భ్రమరాంబ పక్కగదిలోంచి. "ఎందుకలా అడుగుతున్నావ్?"

"పెద్దమ్మగారూ, యంత్రం చూసేది ఆ మెరిసే వైపు నుంచేనండీ. మీరు దాని కంట్లో కుంకుమ కొట్టారు."

మందాకిని గబగబా చీర చెంగుతో ట్రే తుడవబోయింది. భరిణె అందించింది తనే. నజీమా మాత్రం కంగారుపడలేదు. నర్సు వదిలివెళ్ళిన స్పిరిటు, దూది తెమ్మంది. ట్రే లోపల గాజుపూసలాంటి చిన్న కన్ను ఉంటుంది, దూదిని పుల్లకి చుట్టి, స్పిరిటులో ముంచి పిండేసి, దాన్ని పసిపిల్ల కన్ను తుడిచినట్టు తుడవమంది. డిస్కుని మెత్తటి పాత పంచెగుడ్డతో నడిమధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవమంది, గుండ్రంగా తిప్పొద్దంది. మందాకిని ఊపిరి బిగబట్టి తుడిచింది. గుడ్డ మీద గులాబీ చారలు పడ్డాయి. నాలుగుసార్లు తుడిచాక తెల్లగా వచ్చింది.

పక్కగదిలోంచి ఒక్క మాట వినబడలేదు. భ్రమరాంబ నోరు మూసుకుని ఉందంటే ఆవిడ ఎంత భయపడిందో ఇద్దరికీ అర్థమైంది.

"స్పిరిటు పూర్తిగా ఆరనివ్వండి. పది నిమిషాలు," అంది నజీమా.

పది నిమిషాలు ముగ్గురూ గోడ గడియారం చూశారు. తర్వాత ట్రే లోపలికెళ్ళింది. టకటక. జాబితా. డిస్కు. గిర్రుమని తిరిగింది, నెమ్మదించింది, మళ్ళీ తిరిగింది. తెర మీద ఒక చిన్న చుక్క మొలిచింది. చుక్క పక్కన ఇంకో చుక్క. ఆ పైన రెండు వరసల జాబితా వచ్చింది.

"లేచింది!" అని అరిచాడు రామకోటి. చెయ్యి అప్పటికే మీట మీదికి వెళ్ళింది.

"ఆగండి!" అని నజీమా అంతకంటే గట్టిగా అరిచింది. "మొదటి వరస నొక్కకండి. అది పాతదంతా తుడిచేసి కొత్తగా వేసేది. రెండోది. డిస్కు మీంచే నడిపి చూడమని."

మందాకిని మొగుడి చెయ్యి పక్కకి నెట్టి, తనే రెండో వరసలోకి దిగి నొక్కింది. రెండు నిమిషాలకి తెర నిండా లేతనీలం పరుచుకుంది. నజీమా ఒక్కొక్క అడుగే చెప్పింది. లోపలి హార్డ్‌డిస్కు కనిపిస్తోందా? కనిపిస్తోంది. తెరవండి. అందులో గళం అనే ఫోల్డరుందా? ఉంది. ముందు మొత్తం పెన్‌డ్రైవులోకి కాపీ చేసెయ్యండి, ఈ సిస్టం పెన్‌డ్రైవుని చూస్తుంది. పచ్చటి గీత నత్తలా పాకి చివరికి చేరింది. రామకోటి కుర్చీలో కూలబడి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ముఖం చాలాసేపు ఆ తువ్వాల్లోనే ఉండిపోయింది.

"ఇప్పుడు ఫోల్డరు తెరిచి నాకు చూపించండి. ఫైళ్ళు బాగున్నాయో లేదో చూస్తాను."

రెండు ఫైళ్ళున్నాయి. ఒకదాని పేరు మందాకిని. ఇంకోదాని పేరు భ్రమరాంబ. తన పేరు అలా తెర మీద చూసేసరికి మందాకిని చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్ళింది.

నజీమా తారీకులు పెద్దవి చేసి చూపించమంది. చూసి, మళ్ళీ చూపించమంది.

"మందాకినిగారూ, ఇది వింతగా ఉందండీ. యంత్రం మీ వరసతో మొదలుపెట్టి, రోజూ ఆవిడ గొంతు ఎలా స్పందిస్తోందో చూసి కొంచెం కొంచెం సర్దుకుంటుందని మాకు తెలుసు. అది పూర్తిగా ఆవిడ సొంత వరసగా మారడానికి అయిదారేళ్ళు పడుతుందనుకున్నాం. ఇక్కడ చూడండి, మీ ఫైలు పోయిన దీపావళి తర్వాత ఒక్కసారి కూడా తెరవలేదు. ఆరునెలలుగా పెద్దమ్మగారు తింటున్నది ఆవిడ సొంత వరసతోనే."

"అంటే?"

"అంటే ఇకమీదట ఇది పాడైనా మీ పట్టీతో పనిలేదు. ఆవిడ కాపీ ఉంటే చాలు. మీరు మళ్ళీ ఎప్పుడూ కట్టుకోనక్కర్లేదు."

మందాకిని వింటోంది కానీ, మాటలు లోపలికి వెళ్ళడానికి కాస్త సమయం పట్టింది. కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. మూడు రోజులుగా బిగించి పట్టుకున్న భుజాలు రెండూ ఒక్కసారి జారాయి.

పక్కగదిలోంచి భ్రమరాంబ గోడ పట్టుకుని నడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"నజీమమ్మా, అయితే కాకరకాయ దగ్గర ముడుచుకునేది నా గొంతేనా?"

"మీదేనండీ పెద్దమ్మగారూ."

"అబ్బ! ఈ వయసులో నాకు కాకరకాయ పడటం మానేసిందన్నమాట. దీన్ని అనవసరంగా ఆడిపోసుకున్నాను." ఆవిడ తెర దాకా వచ్చి, రెండు పేర్లూ కళ్ళు చిట్లించి చూసింది. "అమ్మాయ్, మా మరదలి పేరున్నది ఇంకెందుకూ?"

"అవసరం లేదండీ. ఉంచినా నష్టం లేదు."

"తీసెయ్యండి. దాని గొంతు దానికిచ్చెయ్యండి." మందాకిని వైపు తిరిగింది. "నువ్వే నొక్కు. నీ చేత్తోనే."

మందాకిని నొక్కింది. నిజంగా తీసెయ్యాలా అని యంత్రం ఒకసారి అడిగింది. తీసెయ్యాలంది. ఆ పేరు తెర మీంచి పోయింది. పెన్‌డ్రైవులోదీ తీసేసింది. భ్రమరాంబ ఫైలు మాత్రం ఇంకో రెండు చోట్ల కాపీ చేయించి, ఒకటి నజీమాకే పంపించారు.

ఆ తర్వాత పని అలసట తప్ప భయం లేనిది. డిస్కుతో మళ్ళీ లేపి, ఈసారి మొదటి వరసే నొక్కి, పాతది తుడిచేసి కొత్త సిస్టం వేశారు. ఆదివారం పొద్దున్న నజీమా పంపిన పట్టీ ప్రోగ్రాము ఎక్కించి, ఫోల్డరు దాని చోట పెట్టారు. రామకోటి ఆసుపత్రికి ఫోను చేసి, సోమవారం రావటంలేదని మూడుసార్లు చెప్పాడు. అవతలివాళ్ళకి మొదటిసారే అర్థమైంది. చెబుతుంటే బాగుండి చెప్పాడు.

నర్సు వచ్చి ముక్కులో గొట్టం తీసేసింది. మధ్యాహ్నం ఒంటిగంటకి వంటింట్లో రెండు కంచాలు ఎదురెదురుగా పెట్టారు. మెత్తగా వండిన అన్నం, బీరకాయ పప్పు, నెయ్యి. భ్రమరాంబ పట్టీ కట్టుకుని, ఉసిరికాయంత ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. బీప్ వినపడింది. ఆవిడ మెడ మీద చర్మం పైకి లేచి కిందికి జారింది. దగ్గు రాలేదు. పొలమారలేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్న రామకోటి ముక్కు చీదుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు.

రెండో ముద్ద దిగింది. మూడోది దిగింది. మందాకిని తన కంచంలో అన్నం కలుపుతూ, తినకుండా ఆవిడ మెడ వైపే చూస్తూ కూర్చుంది.

"నా మెడలో ఏం కాసులపేరు వేలాడుతోందే, అలా చూస్తున్నావు? తిను," అంది భ్రమరాంబ.

మందాకిని ముద్ద నోట్లో పెట్టుకుంది. మనసు అలవాటుగా గొంతు దగ్గరికి బయలుదేరింది.

"అయినా నిన్ను అనీ లాభం లేదులే," అంది భ్రమరాంబ నాలుగో ముద్ద చేసుకుంటూ. "ఇందులో ఉప్పేదీ? మూడు రోజులు పస్తుపెట్టి, చివరికి ఈ చప్పిడి పప్పు. దీనికంటే ఆ గొట్టంలో పోసిన పాలే రుచిగా ఉన్నాయి."

"రుచేమిటి, ముక్కులోంచి పోతే?" అంది మందాకిని. బుగ్గలో ముద్ద ఇంకా ఉంది. కోపం ముంచుకొచ్చింది. "పొద్దున్న ఆరింటి నుంచి పొయ్యి దగ్గరే ఉన్నాను! ఉప్పు తగ్గించమని డాక్టరుగారు మీ ఎదురుగానే కదా చెప్పారు? అంత రుచిగా ఉంటే చెప్పండి, రేపు నేనే ఆటో పిలుస్తా, శుభ్రంగా పొట్టకి గొట్టం వేయించుకుని రండి!"

మాట పూర్తయ్యేసరికి నోట్లో ముద్ద లేదు. అది ఎప్పుడు దిగిందో ఆమె చూసుకోలేదు. అప్పటికే ఇంకో ముద్ద చేతిలోకి తీసుకుని, "నిరుడు మీరు చేసిన పులిహోరలో ఉప్పు సంగతి ఎత్తమంటారా వదినా?" అంటోంది.